సిగ్నల్ లేని అడవిలో ఫోన్ జీపీఎస్ పనిచేస్తుందా? ట్రెక్కింగ్, పాదయాత్రలకు వెళ్లేవారు తెలుసుకోవాల్సినవి ఇవే..

ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో మొదలై నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం.. శివరాత్రికి, ఉగాదికి వేల మంది భక్తులు నల్లమల గుండా కాలినడకన సాగే దారి ఇది. జనం బారులు తీరి నడిచే ఆ కొద్ది రోజుల్లో ముందువాళ్ల వెనకే పోతే సరిపోతుంది. కానీ గుంపు నుంచి కాస్త వెనకబడినా, నీళ్ల కోసమో నీడ కోసమో పక్కకు జరిగినా పరిస్థితి వేరు. జేబులోంచి ఫోన్ తీస్తారు. సిగ్నల్ గీతలు ఉండవు. మ్యాప్ తెరిస్తే బూడిదరంగు గళ్లు తప్ప ఏమీ కనిపించదు. "సిగ్నల్ లేదు, ఇక మ్యాప్ పనిచేయదు" అని ఫోన్ మళ్లీ జేబులో పెట్టేస్తారు.

చాలామంది చేసే మొదటి పొరపాటు ఇదే. ఎందుకంటే ఆ క్షణంలో కూడా ఫోన్‌కు తాను ఎక్కడుందో తెలుసు. తెలియనిది చుట్టూ ఏముందో మాత్రమే.

సిగ్నల్ వేరు.. జీపీఎస్ వేరు

జీపీఎస్ అమెరికా నడిపే ఉపగ్రహాల వ్యవస్థ. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు అణు గడియారాల సమయాన్ని రేడియో తరంగాలుగా కిందికి పంపుతూ ఉంటాయి. ఫోన్‌లోని చిప్ వాటిని వింటుంది, అంతే. తిరిగి ఏమీ పంపదు. ఒక్కో ఉపగ్రహం నుంచి సంకేతం రావడానికి ఎంత సమయం పట్టిందో లెక్కగట్టి, కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరికితే మనం ఎక్కడున్నామో, ఎంత ఎత్తులో ఉన్నామో తేలుస్తుంది. ఇందులో సిమ్ కార్డు పాత్ర లేదు, డేటా ప్యాక్ పాత్ర అంతకన్నా లేదు. సిమ్ తీసేసిన పాత ఫోన్‌లో కూడా జీపీఎస్ పనిచేస్తుంది. ఇప్పుడు వస్తున్న ఫోన్లలో ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా పనిచేస్తుంది.

మరి సిగ్నల్ పోగానే మ్యాప్ ఎందుకు మాయమవుతోంది? మ్యాప్ బొమ్మ ఇంటర్నెట్ నుంచి వస్తుంది కాబట్టి. నీలం చుక్క ఉపగ్రహాల నుంచి వస్తుంది, ఆ చుక్క కింద ఉండే రోడ్లు, వాగులు, ఊళ్ల పేర్లు సెల్ టవర్ నుంచి వస్తాయి. ఈ రెండో భాగాన్ని ఇంటి దగ్గరే ఫోన్‌లో దించుకుంటే సమస్య చాలావరకు తీరిపోయినట్టే.

ఇంకో చిన్న తేడా కూడా ఉంది. ఊళ్లో ఉన్నప్పుడు ఫోన్ రెండు మూడు సెకన్లలోనే చోటు చూపిస్తుంది. ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే సమాచారం నెట్‌వర్క్ నుంచి ముందే అందడమే అందుకు కారణం. అడవిలో ఆ సాయం ఉండదు. అదే సమాచారాన్ని ఉపగ్రహాల నుంచే నిదానంగా తీసుకోవాలి. ఒక్కో ఉపగ్రహానికి అర నిమిషం పడుతుంది. ఫోన్‌ను రోజుల తరబడి వాడకుండా తీసినా, వందల కిలోమీటర్లు ప్రయాణించాక తీసినా మరింత ఆలస్యం కావొచ్చు. "రావట్లేదు" అని పది సెకన్లకే యాప్ మూసేయకుండా, ఆకాశం బాగా కనిపించే చోట నాలుగైదు నిమిషాలు కదలకుండా నిలబడితే చాలాసార్లు వస్తుంది. అందుకే అడవిలోకి అడుగుపెట్టే ముందు, చివరి ఊళ్లో సిగ్నల్ ఉండగానే ఒకసారి మ్యాప్ తెరిచి చుక్క కుదురుకునే దాకా ఆగడం మంచిది.

మన ఫోన్లు ఒక్క జీపీఎస్‌నే పట్టుకుని ఉండవు. రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ సంకేతాలను కూడా కలిపి వాడుకుంటాయి. మన దేశానికి నావిక్ ఉంది. దాని తొలి ఉపగ్రహం 2013 జులైలో శ్రీహరికోట నుంచే వెళ్లింది. ఆ తర్వాత కొన్ని ఉపగ్రహాల్లో అణు గడియారాలు మొరాయించాయి. 2023 మే 29న ఎన్‌వీఎస్-01ను దేశీయ అణు గడియారంతో పంపారు. 2025 జనవరిలో శ్రీహరికోట నూరో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02 మాత్రం అనుకున్న కక్ష్యకు చేరలేదు. నావిక్ అందుకునే చిప్ కొన్ని ఫోన్లలోనే ఉంది. ఉన్నా, అడవిలో దారి చూపే బరువు ఇప్పటికీ ఎక్కువగా మిగతా వ్యవస్థల మీదే పడుతోంది.

ఇంటి దగ్గరే చేయాల్సిన పని

గూగుల్ మ్యాప్స్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అనే ఆప్షన్ ఉంటుంది. కావాల్సిన ప్రాంతాన్ని పెట్టెలో పట్టేలా జరిపి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఇది తెలిసినవాళ్లు కూడా ఒక విషయం గమనించరు. ఆఫ్‌లైన్‌లో ఈ యాప్ వాహనానికి మాత్రమే దారి చెబుతుంది. నడకదారి చెప్పదు. పైగా కాలిబాటలు అందులో సరిగా ఉండవు. కారులో అడవి అంచు దాకా వెళ్లడానికి అది బాగా పనికొస్తుంది. అక్కడి నుంచి నడకకు వేరే యాప్ ఉండాలి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటం ఉంది. 2004లో మొదలైన దీన్ని వికీపీడియా మాదిరిగా ప్రపంచవ్యాప్తంగా వాలంటీర్లు గీస్తారు. ఆస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు ఈ పటాన్నే వాడతాయి. రాష్ట్రం మొత్తాన్ని ఒకేసారి ఫోన్‌లోకి దించుకోవచ్చు. కాలిబాటలు, ఎత్తుపల్లాల గీతలు కనిపిస్తాయి, నడకదారి కూడా చెబుతాయి. అయితే ఎవరో ఒకరు నడిచి గీస్తేనే బాట పటంలోకి ఎక్కుతుంది. జనం ఎక్కువగా తిరిగే కొండల్లో వివరాలు దండిగా ఉంటాయి. ఎవరూ పోని లోయల్లో ఒక్క గీత కూడా ఉండకపోవచ్చు. పటంలో బాట లేదంటే నేల మీద బాట లేదని కాదు, ఉందంటే ఇవాళ కూడా ఉందని కాదు. ఒక వానాకాలం చాలు, పొదలు మూసుకుపోవడానికి.

ముందు నడిచినవాళ్ల దగ్గర జీపీఎక్స్ ఫైల్ ఉంటే అడిగి తీసుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టారో, ఏ మలుపు తిరిగారో, ఎక్కడ ఆగారో అంతా చుక్కల వరుసగా అందులో ఉంటుంది. దాన్ని యాప్‌లో తెరిస్తే పటం మీద ఒక గీతలా కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన ఫైల్ తీసుకుంటే మాత్రం అది ఏ నెలలో నడిచిందో చూసుకోండి. ఏప్రిల్‌లో ఎండిన వాగు మీదుగా నడిచినవాళ్ల గీతను ఆగస్టులో పట్టుకుని పోతే ఆ గీత నేరుగా ప్రవాహంలోకి తీసుకెళ్తుంది.

కాగితం పటం సంగతి కూడా ఒక మాట. సర్వే ఆఫ్ ఇండియా 1767 నుంచి ఉన్న సంస్థ. దాని శిక్షణ కేంద్రం హైదరాబాద్ ఉప్పల్‌లోనే ఉంది. ఆ సంస్థ తయారుచేసే 1:50,000 టోపో షీట్లలో రెండు సెంటీమీటర్లు అంటే నేల మీద కిలోమీటరు. ఎత్తును చూపే గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు కొండ, దూరదూరంగా ఉంటే చదును. ఈ ఒక్క విషయం అర్థమైతే ఫోన్‌లోని పటాన్ని చదవడం కూడా సగం వచ్చేసినట్టే. షీట్‌ను ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుంటే బ్యాటరీ అయిపోదు, తడవదు. పాతకాలపు పని అని నవ్వేవాళ్లు ఉంటారు. ఫోన్ నీళ్లలో పడ్డ రోజు నవ్వరు.

లోయలో చుక్క ఎందుకు గెంతుతుంది?

ఆరుబయట, ఆకాశం పూర్తిగా కనిపించే చోట మామూలు స్మార్ట్‌ఫోన్ ఐదు మీటర్ల లోపు తేడాతో చోటు చెబుతుంది. 2000 సంవత్సరం మే నెలకు ముందు పరిస్థితి ఇలా లేదు. అప్పటివరకు అమెరికా సామాన్యులకు అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి పంపేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ అడ్డు తీసేశాకే జీపీఎస్ జనం చేతికి వచ్చిందని చెప్పాలి.

అయితే ఐదు మీటర్లు అనేది మైదానంలో మాట. సలేశ్వరం లాంటి చోట అలా ఉండదు. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవుల్లో, రెండు కొండల మధ్య లోతైన లోయలో జలపాతం పక్కన ఉండే గుడి అది. చైత్ర పౌర్ణమి రోజుల్లో జాతర జరుగుతుంది. అలాంటి లోయలోకి దిగాక పైన కనిపించేది సన్నని ఆకాశం ముక్కే. కనిపించే ఉపగ్రహాలు తగ్గిపోతాయి. వచ్చిన సంకేతం కూడా రాతి గోడలకు తగిలి, తిరిగి ఫోన్‌ను చేరుతుంది. దారి పొడవైంది కాబట్టి సమయం పెరుగుతుంది, ఫోన్ లెక్క తప్పుతుంది. మీరు కదలకుండా నిలబడ్డా చుక్క అవతలి గట్టుకు గెంతుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. దట్టమైన తడి ఆకుల కింద కూడా కొంతవరకు ఇదే జరుగుతుంది.

ఈ సమయంలో చుక్క చుట్టూ కనిపించే లేత నీలం వలయాన్ని చూడాలి. అది ఎంత పెద్దగా ఉంటే ఫోన్‌కు అంత అనుమానం ఉందని అర్థం. వలయం పెద్దగా ఉన్నప్పుడు చుక్కను నమ్మి అడుగు వేయకూడదు. కాస్త తెరిపి ఉన్న చోటికి వచ్చి చూసుకోవాలి.

ఎత్తు విషయంలో జీపీఎస్ మరింత బలహీనం. అడ్డంగా ఐదు మీటర్ల తేడా ఉంటే నిలువుగా అంతకు రెండు మూడు రెట్లు ఉండొచ్చు. బాణం గుర్తు సంగతి వేరే. మీరు నిలబడి ఉన్నప్పుడు ఎటువైపు చూస్తున్నారో జీపీఎస్‌కు తెలియదు. ఆ బాణాన్ని ఫోన్‌లోని అయస్కాంత సెన్సర్ తిప్పుతుంది. అయస్కాంతం మూత ఉన్న ఫ్లిప్ కవర్, పక్కనే పవర్ బ్యాంక్, బైక్ హ్యాండిల్ హోల్డర్.. ఇవన్నీ దాన్ని తప్పుదారి పట్టిస్తాయి. కవర్ తీసేసి, ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకె ఆకారంలో కొన్నిసార్లు తిప్పితే కుదురుకుంటుంది. అనుమానం తీరకపోతే ఒక పది పదిహేను అడుగులు నడవండి. చుక్క ఎటు కదిలితే మీరు అటు వెళ్తున్నట్టు. దీనికి మించిన పరీక్ష లేదు.

మ్యాప్‌కు తెలియని సంగతులు

2023 జులై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవుల్లోని ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లిన దాదాపు 80 మంది పర్యాటకులు తిరిగి రాలేకపోయారు. వాళ్లు దారి తప్పలేదు. వెళ్లేటప్పుడు దాటిన వాగు, వచ్చేసరికి భారీ వర్షాలకు పొంగింది. చీకటిపడ్డాక ఫోన్ ద్వారా విషయం బయటి ప్రపంచానికి చేరింది. ఎన్‌డీఆర్‌ఎఫ్, పోలీసు బృందాలు రాత్రంతా శ్రమించి వాళ్లను బయటకు తెచ్చాయి. పటంలో ఆ వాగు సన్నని నీలం గీత. ఎండాకాలంలోనూ అదే గీత, వరదలోనూ అదే గీత.

2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్ బరేలీ జిల్లాలో నావిగేషన్ చూసుకుంటూ వెళ్లిన కారు, రామగంగ మీద సగంలో తెగిన వంతెన పైనుంచి కిందపడి ముగ్గురు చనిపోయారు. వరదలకు వంతెన ముందు భాగం కొట్టుకుపోయింది. ఆ మార్పు నావిగేషన్‌లోకి ఎక్కలేదు. వంతెనకు అడ్డంగా సరైన బారికేడ్లు కూడా లేవు.

కొండల్లో ఇంకో రకం ప్రమాదం. బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎత్తయిన బెన్ నెవిస్ శిఖరం స్కాట్లాండ్‌లో ఉంది. ఎత్తు 1,345 మీటర్లు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు సెలవుల్లో వెళ్లే కొండల్లో అదొకటి. కారు పార్కింగ్ నుంచి శిఖరానికి గూగుల్ మ్యాప్స్ చూపిస్తున్న దారి ప్రాణాంతకం కావొచ్చని 2021 జులైలో అక్కడి పర్వతారోహణ సంస్థలు బహిరంగంగా హెచ్చరించాయి. పార్కింగ్ శిఖరానికి దగ్గరగా కనిపించడంతో, మామూలు బాటను వదిలి నిటారు రాళ్ల మీదుగా గీత చూపించిందన్నది వాళ్ల అభ్యంతరం. 'దగ్గర' అనే మాటకు పటం చెప్పే అర్థం వేరు, మోకాళ్లు చెప్పే అర్థం వేరు.

చేతి జీపీఎస్ పరికరాల్లో, కొన్ని యాప్‌లలో కనిపించే దూరం విషయంలోనూ ఇలాగే మోసపోతారు. గమ్యం 1.2 కిలోమీటర్లు అని చూపిస్తే అది పక్షి ఎగిరే దూరం. మధ్యలో భీముని కొలను లాంటి లోయ ఉంటే దిగి, ఎక్కి, చుట్టు తిరిగి వెళ్లాలి. సమయం అంచనా వేయడానికి స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. ఐదు కిలోమీటర్ల నడకకు గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. అంటే 8 కిలోమీటర్ల దారిలో 450 మీటర్లు ఎక్కాల్సి ఉంటే నడకకు గంటా 36 నిమిషాలు, ఎక్కుడుకు 45 నిమిషాలు.. మొత్తం రెండు గంటల 21 నిమిషాలు. అది ఆరోగ్యవంతుడు చల్లటి వాతావరణంలో ఆగకుండా నడిస్తే. మన ఎండలకు, పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే దానికి కనీసం సగం కలపాలి. మూడున్నర గంటలు అనుకోవచ్చు. మధ్యాహ్నం మూడింటికి బయల్దేరితే పొద్దుగుంకే వేళకు చేరతారు, అది కూడా దారి తప్పకపోతే.

ఒక్క పొరపాటుతో 33 కిలోమీటర్లు

ఆపదలో ఉన్నప్పుడు "పెద్ద బండ పక్కన ఉన్నాం" అని చెబితే వెతికేవాళ్లకు ఏం అర్థమవుతుంది? అడవి నిండా పెద్ద బండలే. చెప్పాల్సింది అక్షాంశం, రేఖాంశం. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడున్నా అక్షాంశం సుమారు 12 నుంచి 20 మధ్య, రేఖాంశం 76 నుంచి 85 మధ్య ఉంటుంది. వేరే అంకె వచ్చిందంటే ఎక్కడో తప్పు దొర్లినట్టే.

గూగుల్ మ్యాప్స్‌లో మీరున్న చోట వేలితో నొక్కిపట్టుకుంటే ఒక పిన్ పడి అంకెలు కనిపిస్తాయి. ఐఫోన్‌లో దిక్సూచి యాప్ తెరిస్తే కింద ఉంటాయి. వీటిని రాసే పద్ధతులు రెండు. ఒకటి దశాంశాల్లో.. 15.45 లాగా. రెండోది డిగ్రీలు, నిమిషాల్లో.. 15 డిగ్రీల 45 నిమిషాలు లాగా. ఈ రెండూ ఒకటే అనుకుంటే కొంప మునిగినట్టే. డిగ్రీకి అరవై నిమిషాలు కాబట్టి 15.45 అంటే 15 డిగ్రీల 27 నిమిషాలు. తేడా 18 నిమిషాలు. ఒక నిమిషం అక్షాంశం దాదాపు 1.85 కిలోమీటర్లు. అంటే 33 కిలోమీటర్ల అవతల వెతుకుతారు. ఫోన్‌లో చెప్పేటప్పుడు "పదిహేను పాయింట్ నాలుగు ఐదు" అని ఒక్కో అంకె విడిగా, 'పాయింట్' అన్న మాటతో సహా చెప్పి, అవతలివాళ్లతో తిరిగి చెప్పించుకోవాలి. పాయింట్ తర్వాత ఐదు అంకెలు చెబితే మీటరు తేడాతో చోటు దొరుకుతుంది. మూడు అంకెలతో ఆపేస్తే వంద మీటర్ల అటూ ఇటూ. అడవిలో అది కూడా పర్వాలేదు, కేకేస్తే వినపడుతుంది.

తపాలా శాఖ 2025లో డిజిపిన్ తెచ్చింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఇందులో పాలుపంచుకున్నాయి. చిరునామాలకు బాగానే ఉంటుంది. అయితే కంట్రోల్ రూమ్‌కైనా, అటవీ సిబ్బందికైనా అక్షాంశ రేఖాంశాలు చెప్పడమే ఇప్పటికి సులువు. పులుల గణనలో వాడే ఎం-స్ట్రైప్స్ యాప్‌లో బీట్ సిబ్బంది తమ నడకను నమోదు చేసేది ఈ అంకెల్లోనే. సముద్రం మీద మన మత్స్యకారులకు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్ల గురించి ఇచ్చే సమాచారం కూడా అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంటుంది.

బ్యాటరీ పోతే అంతా పోయినట్టే

జీపీఎస్ చిప్ కన్నా ఎక్కువగా బ్యాటరీని తాగేది స్క్రీన్. దాని తర్వాత, లేని సిగ్నల్ కోసం ఫోన్ పడే వెతుకులాట. అందుకే సిగ్నల్ పోగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. జీపీఎస్ నడుస్తూనే ఉంటుంది. ట్రాక్ రికార్డింగ్ పెట్టుకుని, స్క్రీన్ ఆఫ్ చేసి జేబులో వేసుకుంటే మామూలు ఫోన్ రోజంతా లాగుతుంది. రీల్స్ తీయడానికి వేరే ఫోన్ వాడుకోవడం మేలు. నలుగురు వెళ్తే నాలుగు ఫోన్లూ ఒకేసారి ఖర్చు చేయకూడదు. ఒకటి దారికి, ఒకటి స్విచ్ ఆఫ్ చేసి అత్యవసరానికి.

కొన్ని ఫోన్లలో బ్యాటరీ సేవర్ మోడ్ పెడితే వెనకాల నడిచే ట్రాకింగ్ యాప్‌ను ఫోనే ఆపేస్తుంది. సాయంత్రం చూసుకుంటే ఉదయం పది గంటల దగ్గర గీత తెగిపోయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు మినహాయింపు ఇచ్చి, ఇంటి చుట్టూ ఒక గంట నడిచి పరీక్షించుకోవాలి.

చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుందని హిమాలయాలకు వెళ్లేవాళ్లు అందరూ చెబుతారు. మనకు దానికి ఎదురు సమస్య. ఐఫోన్‌ను వాడదగ్గ ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలని దాని తయారీ సంస్థే చెబుతోంది. చైత్ర మాసం ఎండల్లో చేతిలో పట్టుకుని నడిస్తే ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారుతుంది, ఛార్జింగ్ ఎక్కదు, ఒక్కోసారి చల్లారే దాకా పనిచేయదు. తడిగుడ్డలో చుట్టడం, నీళ్లు చల్లడం చేయొద్దు. నీడలో, సంచి లోపల పెడితే చాలు.

చేతి జీపీఎస్ కొనాలా? ఎన్నారైలకు ఒక హెచ్చరిక

ఫోన్ ఉండగా విడిగా జీపీఎస్ పరికరం ఎందుకు అనిపించడం సహజం. ఏడాదికి ఒకసారి కొండ ఎక్కేవాళ్లకు నిజంగానే అక్కర్లేదు. వానలో, గ్లవ్స్‌తో, రోజుల తరబడి నడిచేవాళ్లకు మాత్రం దాని విలువ తెలుస్తుంది. బటన్లతో పనిచేస్తుంది కాబట్టి తడిచేతులతో ఇబ్బంది లేదు. కింద పడినా తట్టుకుంటుంది. గార్మిన్ ఈట్రెక్స్ లాంటి మోడళ్లు రెండు మామూలు పెన్సిల్ సెల్స్‌తో పాతిక గంటలు పనిచేస్తాయి. ఆ సెల్స్ పల్లెటూరి కిరాణా కొట్లోనూ దొరుకుతాయి.

అయితే అమెరికా నుంచి, బ్రిటన్ నుంచి వచ్చే మనవాళ్లు ఒక విషయంలో జాగ్రత్తగా ఉండాలి. అక్కడి ట్రెక్కర్లు గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరాలు వాడతారు. చూడటానికి జీపీఎస్ లాగే ఉన్నా ఇవి ఉపగ్రహం ద్వారా సందేశాలు కూడా పంపుతాయి. కేంద్ర టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇలాంటి ఉపగ్రహ ఫోన్లు, ఉపగ్రహ కమ్యూనికేటర్లు మన దేశంలో దగ్గర ఉంచుకోవడం నేరం. 2024 డిసెంబర్‌లో గోవా విమానాశ్రయంలో బ్యాగుల్లో ఇవి దొరకడంతో విదేశీ పర్యాటకులను అదుపులోకి తీసుకున్నారు. సంకేతాన్ని అందుకోవడమే తప్ప ఏమీ పంపని మామూలు జీపీఎస్‌కు ఈ ఇబ్బంది లేదు. కొనేటప్పుడు, సూట్‌కేసులో పెట్టుకునేటప్పుడు మోడల్ పేరు చూసుకోవాలి.

దారి తప్పామని తెలిశాక..

2013 జులైలో అమెరికాలోని అపలాచియన్ ట్రైల్‌లో నడుస్తున్న 66 ఏళ్ల మహిళ ఒకరు కాలకృత్యాల కోసం బాట దిగి అడవిలోకి వెళ్లారు. తిరిగి బాట దొరకలేదు. భర్తకు మెసేజ్‌లు పంపేందుకు చాలాసార్లు ప్రయత్నించారు. సిగ్నల్ లేక ఒక్కటీ వెళ్లలేదు. దొరుకుతుందేమోనని ఇంకా ఎత్తుకు, అంటే బాటకు ఇంకా దూరంగా వెళ్లారు. పెద్దఎత్తున గాలించినా ఆచూకీ తెలియలేదు. రెండేళ్ల తర్వాత, 2015 అక్టోబర్‌లో ఆమె అవశేషాలు దొరికాయి. దాదాపు నాలుగు వారాలు ఆమె బతికే ఉన్నారని పక్కనే ఉన్న డైరీని బట్టి తెలిసింది.

బాట వదిలే ముందు ఫోన్‌లో ఆ చోటును పిన్ చేయడానికి పది సెకన్లు కూడా పట్టదు. బండి నిలిపిన చోట ఒక పిన్. బాట చీలిన ప్రతి చోటా ఒక పిన్. నీళ్లు దొరికిన చోట ఇంకొకటి. ట్రాక్ రికార్డింగ్ నడుస్తుంటే వచ్చిన దారి మొత్తం గీతగా ఉంటుంది, దాన్నే పట్టుకుని వెనక్కి రావొచ్చు. ముందుకు పోయి కొత్త దారి వెతకడం కన్నా తెలిసిన దారిలో వెనక్కి రావడమే ఎప్పుడూ మంచిది. ఈ మాట చెప్పినంత సులువుగా మనసు వినదు. "ఇంకో వంద అడుగులు పోతే రోడ్డు వచ్చేస్తుంది" అనే అనిపిస్తుంది.

రికార్డింగ్ లేదు, పిన్‌లు లేవు, చీకటి పడుతోంది అంటే ఉన్నచోటే ఆగిపోవాలి. వాగు ఒడ్డున కాకుండా కాస్త ఎత్తులో, ఆకాశం కనిపించే చోట కూర్చోవాలి. 112కు డయల్ చేయాలి. మీ సిమ్ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, వేరే కంపెనీ టవర్ అందుబాటులో ఉంటే అత్యవసర కాల్ దాని ద్వారా వెళ్లే అవకాశం ఉంది. మాట్లాడేంత సిగ్నల్ లేని చోట కూడా ఎస్ఎంఎస్ ఒక్కోసారి వెళ్తుంది. వాట్సాప్ లైవ్ లొకేషన్‌కు డేటా కావాలి, ఇక్కడ దాన్ని నమ్ముకోవద్దు. అక్షాంశం, రేఖాంశం, ఎంతమంది ఉన్నారు, ఎవరికైనా దెబ్బ తగిలిందా, బ్యాటరీ ఎంత ఉంది.. ఇవన్నీ ఒకే ఎస్ఎంఎస్‌లో రాసి ఇంట్లోవాళ్లకు, తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపాలి. పంపాక అక్కడి నుంచి కదలొద్దు. కదిలితే ఆ అంకెలు మీవి కావు. సిగ్నల్ కోసం చోటు మారాల్సి వస్తే కొత్త అంకెలు మళ్లీ పంపాలి.

ఆ ఎస్ఎంఎస్ అందుకునేవాళ్లకు ముందే విషయం తెలిసి ఉండాలి. ఏ దారిలో వెళ్తున్నారు, ఎవరెవరు వెళ్తున్నారు, బండి ఎక్కడ పెట్టారు, ఎన్ని గంటలకల్లా తిరిగి వస్తారు, ఆ సమయం దాటితే ఎవరికి ఫోన్ చేయాలి.. బయల్దేరే ముందు కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వాలి. దానికి ఏ యాప్ అక్కర్లేదు.

అనుమతి లేని దారులు

పటంలో బాట కనిపించినంత మాత్రాన అందులో నడవొచ్చని కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో విస్తరించిన నల్లమలలో అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలు ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం. సలేశ్వరం దారి జాతర రోజుల్లోనే తెరుస్తారు. తిరుమలలో పాపవినాశనం నుంచి తుంబురు తీర్థానికి వెళ్లే బాట ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటి వేళ తెరుస్తారు. శ్రీశైలం కాలిబాట కూడా శివరాత్రి, ఉగాది రోజులకే. ఆ రోజుల్లో దారి పొడవునా నీళ్లు, వైద్య శిబిరాలు, సిబ్బంది ఉంటారు. మిగతా రోజుల్లో అదే బాట మీద ఎవరూ ఉండరు, మీ గురించి అడిగేవాళ్లూ ఉండరు.

అనుమతి ఉన్న చోటికి వెళ్లినా స్థానిక గైడ్‌ను వెంట తీసుకెళ్లడం మంచిది. ఏ వాగు ఎన్ని గంటల వానకు పొంగుతుందో, ఏ చెలమలో ఏ నెల దాకా నీళ్లుంటాయో చెంచు గూడేల్లో పెద్దవాళ్లకు తెలుసు. ఫోన్‌లో దించుకున్న పటాన్ని బయల్దేరే ముందు వాళ్లకు చూపించి, "ఈ దారి ఇప్పుడు బాగుందా?" అని అడగాలి. వద్దంటే ఆగిపోవాలి. తిరిగొచ్చాక చెక్‌పోస్టులోనూ, కాగితం ఇచ్చిన ఇంట్లోనూ "వచ్చేశాం" అని చెప్పడం మర్చిపోవద్దు. చెప్పకుండా వెళ్లిపోతే, హోటల్‌లో టిఫిన్ చేస్తున్నవాళ్ల కోసం సిబ్బంది అడవిలో రాత్రంతా వెతకాల్సి వస్తుంది.